మిల్కుగడ్డి పూసిన యేడు

గింజలను ఇసుకలో వేసి రెండు అరచేతులతో రుద్దుతున్నాను. మా మరిది పొలం నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మెట్టు మీద కూర్చుని చూశాడు.

“ఏంటొదినా, గింజలకి తలంటుతున్నావా?”

“పైతొక్క గట్టిదయ్యా. కాస్త గీరుకుంటే గానీ నీళ్ళు లోపలికి దిగవట.”

“ఎవరు చెప్పారు?”

“పుస్తకంలో ఉంది.”

“ఓహో, పుస్తకంలో ఉందా! అయితే ఇంక మనం పడుకోవచ్చు. అదే మొలుస్తుంది, అదే పూస్తుంది.”

నేను బడి మొహం చూడలేదు. సామాన్లు చుట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకే అచ్చులో ఉన్న మాటంటే నాకు అంత గురి. మా మరిదికి అదే వేళాకోళం. ఆ చిన్న పుస్తకాన్ని విత్తనాల కొట్టతను పొట్లంతో పాటు ఇచ్చాడు. పొట్లం మీద మిల్క్‌వెచ్ అని ఉంది. మా మరిదికి నోరు తిరగక మిల్కుగడ్డి అన్నాడు. ఇంట్లో ఆ పేరే ఖాయమైంది. వరి కోసిన మడిలో చల్లితే అది చలికాలమంతా నేలను కరుచుకుని పెరుగుతుంది. ఎండలు ముదరక ముందే ఊదా కలిసిన గులాబీ రంగులో పూస్తుంది. పూత మీద ఉండగా దున్నేస్తే నేలకు అంతకన్నా మంచి ఎరువు లేదట. మా మరిది తన మడి ఇవ్వడానికి ఒప్పుకున్నది అందుకే.

నాకు కావలసింది ఎరువు కాదు, పూత.

నా కూతురు తేనెటీగలు పెంచుతుంది. వ్యాను నిండా పెట్టెలు వేసుకుని, ఎక్కడ పూత ఉంటే అక్కడికి పోతుంది. ఏడాదికోసారి మా వైపు పండ్లతోటలు పూసినప్పుడు ఇంటికి వచ్చేది. పూలు రాలగానే వెళ్ళిపోయేది. కిందటేడు పెట్టెల మీద తాడు బిగిస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

“అమ్మా, వచ్చే ఏడు ఇటు రానే. తోటలు రాలిపోయాక ఇక్కడ ఈగలకి తిండి లేదు. ఆ తర్వాతి పూతదాకా పంచదార నీళ్ళు తాగించి బతికిస్తున్నా. కొండవతలి దారిలో వెళ్తే మధ్యలో ఆ ఖాళీ ఉండదు.”

“తోటలు రాలాక కూడా ఇక్కడ పూలుంటే?”

“ఉంటే ఎందుకు పోతానమ్మా? ఏవీ మరి?”

ఆ ప్రశ్న నన్ను ఏడాదంతా నిద్రపోనివ్వలేదు. అమ్మను, అక్కను, కట్టుకున్నవాణ్ణి సాగనంపినదాన్ని. ఈ పిల్ల మాత్రం పోయినా మళ్ళీ వస్తుంది కదా అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ రావడమే లేదంటోంది. విత్తనాల కొట్లో ఆ పొట్లం మీద బొమ్మ, పువ్వు మీద వాలిన తేనెటీగ కనిపించేసరికి బల్ల పట్టుకుని నిలబడిపోయాను. కొట్టతను నన్ను కూర్చోమని స్టూలు వేశాడు.

“ముందే చెప్తున్నా వదినా,” అన్నాడు మా మరిది, మెట్టు దిగి కాళ్ళు కడుక్కుంటూ. “పువ్వు కనపడటమే ఆలస్యం, ట్రాక్టరు దింపేస్తా. తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు.”

“ముందు కనపడనీ.”

“కనపడకపోతే ఇంకా మంచిది. నీ పుస్తకం ఇచ్చినోణ్ణి ఆడిపోసుకుందాం.”

గింజలు నానాయి, ఉబ్బాయి. చల్లిన వారంలోగానే మడి మీద పచ్చటి నూగు లేచింది. ఒంగి చూస్తే ఒక్కో మొక్కకు చిన్నచిన్న గుండ్రటి ఆకులు, ఈనెకు అటూ ఇటూ జతలు జతలుగా. నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఒకదాన్ని చూస్తే ఇంకోదానికి కోపం వస్తుందేమో అన్నట్టు అన్నిటినీ చూసుకున్నాను.

తర్వాత చలి ముదిరింది. ఆకులు ముడుచుకున్నాయి.

ఇక్కడ మా ఇద్దరి సంగతీ చెప్పాలి. మావి వరి పండించిన చేతులు. మొక్క డీలాగా కనిపిస్తే నీళ్ళు పెట్టడం తప్ప మాకు ఇంకో వైద్యం తెలియదు. నీరు నిలవకూడదని పుస్తకంలో ఉంది. నేనే పైకి చదివాను. మా మరిది తల కూడా ఊపాడు. అయినా ఆ ముడుచుకున్న ఆకులను చూస్తుంటే నాకు గొంతు ఎండిపోయినట్టు ఉండేది. సాయంత్రం ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు మెల్లగా వెళ్ళి మడవ తీసి, కాసేపు నీళ్ళు వదిలి, మళ్ళీ మట్టి కప్పి వచ్చేదాన్ని. కొంచెమే కదా అనుకునేదాన్ని.

ముందురోజు సాయంత్రం వీలుపడక ఒక ఉదయం వెళ్ళాను. మంచు ఇంకా విడవలేదు, మడవ దగ్గర ఎవరో ఒంగి ఉన్నారు.

“ఎవరదీ?”

మా మరిది ఉలిక్కిపడి లేచాడు. చేతిలో పార.

“నేనే. నడుం పట్టేస్తే నాలుగడుగులు వేద్దామని వచ్చా.”

“పార పట్టుకునా?”

“పాములుంటాయి. నువ్వెందుకొచ్చావు ఇంత పొద్దున్నే?”

“నేనూ నాలుగడుగులు వేద్దామనే.”

ఆయన నా చేతిలోని పార వైపు చూశాడు. కాలవలో నీళ్ళు గలగలమంటూ మడిలోకి పోతున్నాయి.

“రోజూ వస్తున్నావా?” అన్నాను.

“పొద్దున పూట మాత్రమే. నువ్వు?”

“సాయంత్రాలు.”

“ఓరి దేవుడా,” అన్నాడు, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. “దాన్ని ఇద్దరం కలిసి ముంచేశాం కదా వదినా!”

ముంచేశాం. మంచు విడిచాక చూస్తే మడి నడుమ మంచమంత, ఆ పక్కన వాకిలంత, మొక్కలు పసుపు పచ్చగా తిరిగి ఉన్నాయి. లాగితే వేరు నల్లగా, జిగటగా చేతికి వచ్చింది. నేను గట్టు మీద కూలబడ్డాను. నా కళ్ళ ముందు మొక్కలు లేవు, కొండవతలి దారి ఉంది. ఆ దారిలో నా కూతురు వ్యాను పోతోంది.

“లే లే,” అన్నాడు మా మరిది. “చచ్చినవి చచ్చాయి, ఉన్నవాటి సంగతి చూద్దాం.”

నేనూ ఆయనా కలిసి మడి పొడవునా కాలవలు తవ్వాం. నలభై ఏళ్ళు మడిలో నీళ్ళు నిలబెట్టడానికి పాటుపడ్డ మనిషి, ఉన్న నీళ్ళు బయటికి పంపడానికి చెమటలు కక్కాడు. దారిన పోయే వాళ్ళు ఆగి, ఏంటి, మడికి విరేచనాల మందు వేశారా అని నవ్వారు. మా మరిది వాళ్ళను కడిగిపారేశాడు. ఆ తర్వాత పారలు రెండూ ఇంట్లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది పెద్ద తగువైంది. చివరికి ఇద్దరికీ కనిపించేలా గోడకు తగిలించాం.

ఎండ కాస్త వెచ్చబడ్డాక ఒకరోజు ఆయన మొక్కనొకదాన్ని వేరుతో పీకి, పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాడు.

“అయిపోయింది వదినా. వేళ్ళకి పురుగు పట్టింది. చూడు, గుడ్లు గుడ్లుగా!”

వేళ్ళ పొడవునా ఆవగింజల్లా బుడిపెలు. కళ్ళజోడు దొరకలేదు, అది నా నెత్తి మీదే ఉందని ఆయనే చెప్పాడు. పుస్తకం తీసి వెతికాను. వెతికిన పేజీ రెండుసార్లు చదివాను. బుడిపెనొకదాన్ని గోటితో చిదిపాను. లోపల లేత గులాబీ రంగు.

“పురుగు కాదయ్యా! సంపాదన! గాలిలో ఉన్న సత్తువని ఇవే పట్టి నేలలో దాచుతాయట. లోపల ఎర్రగా ఉంటే మొక్క పనిలో ఉన్నట్టే!”

“నిజమా?”

“నువ్వే చిదిమి చూడు.”

చిదిమాడు. ఇంకోటి చిదిమాడు. ముసలాయన, ముఖం ఇంత చేసుకుని, ఆ గులాబీ రంగు అంటిన గోటిని వెలుగులో పెట్టి చూసుకున్నాడు. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర తన మడిలో లక్షల మంది కూలీలు పనిచేస్తున్నారని చెప్పుకున్నాడట.

తోటల్లో కొమ్మలు ఉబ్బుతుండగా కూతురు ఫోన్ చేసింది. గింజలు చల్లిన సంగతి దానికి ముందే చెప్పి ఉంచాను.

“అమ్మా, నీ గడ్డి సంగతేంటి?”

“బ్రహ్మాండంగా ఉందే!”

“మొగ్గ వేసిందా?”

“ఆకులు ఎంత బాగున్నాయో తెలుసా, ఒక్కో రెమ్మా—”

“అమ్మా, ఆకులు నా ఈగలు తినవు. ఇక్కడ పూత అయిపోతోంది. రేపెల్లుండిలో బండి కదలాలి. ఇటా, అటా? ఒక్క మొగ్గ చూపించు, వస్తా. లేకపోతే కొండవతలి దారి పట్టాల్సిందే. ఏమనుకోకు.”

ఫోన్ బొడ్లో దోపుకుని పొలానికి పరిగెత్తాను. పరిగెత్తాననే అనాలి. మోకాళ్ళ మీద కూర్చుని, రెమ్మలను రెండు చేతులతో పాయలు తీస్తూ మొదటి కాలవ నుంచి వెతకడం మొదలుపెట్టాను. ఆకు మొదట్లో ఎక్కడైనా గింజంత ఉబ్బు ఉందా అని. మా మరిది గట్టు మీద నుంచి చూసి, అవతలి కొస నుంచి తనూ కూర్చున్నాడు. చూసేవాళ్ళకు ఇద్దరు ముసలివాళ్ళు మడిలో ఉంగరం పారేసుకున్నట్టు ఉండి ఉంటుంది.

“వదినా! ఇటురా! ఇదేనా?”

సన్నటి కాడ. దాని చివర పిడికిలి బిగించినట్టు చిన్న గుత్తి, కొసల్లో రంగు తొంగి చూస్తోంది.

“ఇదే! ఇదే!” నేను ఆయన భుజం పట్టుకుని ఊపేశాను. “కదలకు, దాని మీద పడతావు!”

“నన్ను ఊపుతున్నది నువ్వే కదా!”

ఫోటో తీసి పంపాను. వెంటనే ఫోన్ మోగింది.

“ఏంటమ్మా ఇది? నీ బొటనవేలు.”

“దాని పక్కన చూడవే!”

“పక్కన బాబాయ్ కాలు.”

ఫోన్ మా మరిది లాక్కున్నాడు. “ఉంది తల్లీ. నేను చూశా. మీ అమ్మ అబద్ధమాడినా నేను ఆడను. వచ్చెయ్.” ఫోన్ నాకిచ్చి, మొహం గంటు పెట్టుకుని, “పూసిన వెంటనే దున్నేస్తా, అది మాత్రం మార్చేది లేదు,” అన్నాడు.

తెల్లవారుతుండగా వ్యాను వచ్చింది. కూతురు దిగీ దిగకముందే గట్టు మీద పెట్టెలు దింపడం మొదలుపెట్టింది. ఎండకు నల్లబడింది. చేతుల మీద కాట్లు. నన్ను కావలించుకుంటే పొగ వాసన, మైనం వాసన. పెట్టెల మూతుల దగ్గర అడ్డు తీయగానే ఈగలు బయటికి వచ్చి, గాల్లో గుండ్రంగా తిరిగి, మా మడి మీదుగా తోటలకు వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా వాలలేదు.

“వాటికి తెలీదేమో, కింద ఉందని చెప్పవే!”

“చెప్తే వినేవి కాదమ్మా అవి. నీలాంటివే. తోటలో తేనె ఉన్నన్నాళ్ళు తోటకే పోతాయి.”

తర్వాత గాలి వచ్చింది. రెండు రోజుల్లో తోటలన్నీ ఊడ్చేసినట్టు రాలిపోయాయి. కూతురు తాడు తీసి వ్యాను పక్కన పెట్టుకుంది. పెట్టెలు ఎక్కించడానికి సిద్ధంగా అన్నమాట. నేను అది చూసీ చూడనట్టు ఉన్నాను. మడిలో అక్కడక్కడ పూలు విచ్చాయి గానీ, చలిగాలికి మిగిలినవన్నీ పిడికిళ్ళు బిగించుకునే ఉన్నాయి.

మూడో రోజు ఎండ కాసింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. పొలం వైపు నుంచి కూతురు కేక.

“అమ్మా! అమ్మా, త్వరగా!”

ఏం మునిగిపోయిందో అని తడి బట్ట చేతిలో పట్టుకునే వెళ్ళాను. మడి లేదు. మడి ఉన్నచోట ఒక రంగు ఉంది. ప్రతి కాడ చివరా చిన్న కిరీటంలా పూలచుట్టు, లోపల తెలుపు, అంచుకు గులాబీ, ఇంకా అంచుకు ఊదా. దాని మీద అంతటా ఒకటే చప్పుడు, కాగుతున్న నీళ్ళలాంటి చప్పుడు. ఒక ఈగ నా ముందే పువ్వు మీద వాలి, కింది రెక్కను కాళ్ళతో నొక్కింది. పువ్వు తలుపులా తెరుచుకుంది. తల లోపల పెట్టి, తీసి, పక్క పువ్వుకు పోయింది.

“ఎంత తెస్తున్నాయో చూడు, ఎంత తెస్తున్నాయో!” నా కూతురు పెట్టె దగ్గర మోకాళ్ళ మీదే ఎగిరెగిరి పడుతోంది. నలభై ఏళ్ళ మనిషి. బరువుకు ఈగలు గుమ్మం దగ్గర దబ్బుమని పడుతున్నాయి. వ్యాను పక్కన పెట్టిన తాడును నేనే తీసి దండెంలా కట్టి, ఆ తడి బట్టను దాని మీద ఆరేశాను.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు.

మా మరిది అన్నమాట తప్పే మనిషి కాదు. మడి కొసన ఆపి, కిందికి దిగకుండానే అన్నాడు, “చెప్పానా లేదా?”

“చెప్పావు,” అన్నాను.

“బాబాయ్, పది రోజులు ఆగవా?”

“ఆగితే కాడ ముదిరి పీచైపోతుంది తల్లీ. నేలలో కుళ్ళదు. అవతల నారుమడిలో వరినారు కాళ్ళు చాపుతోంది. నా పంట నాది కాదా?”

ఆయన మాటలో తప్పేమీ లేదు. నా కూతురు పెట్టెల మూతుల దగ్గర అడ్డు పెట్టడానికి వెళ్ళింది. నేను గట్టు మీద నిలబడ్డాను.

నాగలి దిగింది. ఒక చాలు పోయింది. పూలు తిరగబడి మట్టి కిందికి పోయాయి. వాటి మీది ఈగలు ఒక్కసారి లేచి, తమ పూలు ఉన్నచోటనే గాల్లో గిరగిరా తిరుగుతూ ఉండిపోయాయి. వాలడానికి ఏమీ లేక, పోవడానికి మనసు రాక. కొన్ని ట్రాక్టరు బానెట్ మీద వాలాయి.

ట్రాక్టరు ఆగింది. మా మరిది దిగి, బానెట్ తెరిచి, లోపలికి ఒంగాడు.

“ఏమైంది?” అన్నాను.

“చప్పుడు తేడాగా ఉంది.”

“నాకేం తేడా వినపళ్ళేదే.”

“నీకు ట్రాక్టర్ల సంగతేం తెలుసు? పుస్తకంలో ఉందా?” తల ఎత్తకుండానే అన్నాడు. “ఏదో సామాను పోయినట్టుంది. తెప్పించాలి. ఎన్నాళ్ళు పడుతుందో.”

ట్రాక్టరు అక్కడే, మడి కొసన నిలబడిపోయింది. మా మరిది రోజూ పొద్దున వచ్చి, దాని కింద దూరి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, గట్టు మీద కూర్చుని ఈగలను చూసేవాడు. వాటిలో ఏది సోమరిదో, ఏది కష్టపడుతోందో మాకు చెప్పేవాడు. నాలుగైదు రోజులకు ఆయన చొక్కా ఉతకబోతే జేబు బరువుగా తగిలింది. లోపల నూనె అంటిన ఇనప బిళ్ళ, గుడ్డలో చుట్టి ఉంది. చొక్కా ఉతికి, ఆరాక, ఇస్త్రీ చేసి, బిళ్ళను మళ్ళీ అదే జేబులో పెట్టి కొయ్యకు తగిలించాను. ఆయన తొడుక్కున్నాడు. జేబు తడుముకున్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను.

నారు నిజంగానే ముదురుతోంది. పది రోజులు దాటాక సామాను “దొరికింది”. ఆయన పల్లపు వైపు మడంతా దున్నాడు. ఆలస్యంగా నాటినందుకు ఆ ఏడు పంట కాస్త తగ్గింది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. గట్టు వైపు, మెరకగా ఉన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి నాగలి ఎత్తేశాడు.

“ఇదెందుకు వదిలేశావు బాబాయ్?”

“విత్తనానికి. ప్రతి ఏడూ కొట్టుకెళ్ళి పొట్లాలు కొంటామా ఏంటి?”

ప్రతి ఏడూ అన్నాడు. నా కూతురు నా వైపు చూసింది. నేను పుస్తకం తెరిచాను.

ఆ ముక్కలో ఈగలు ఇంకా కొన్నాళ్ళు ఆడాయి. పూలు వాడినచోట చిన్నచిన్న కాయలు, పక్షి గోళ్ళలా వంకర తిరిగి, పచ్చగా, తర్వాత గోధుమ రంగులో, తర్వాత నల్లగా. ఈగలు తిరగని చోట కాయే లేదు. కూతురు నాకు వేలితో చూపించింది. చూపిస్తూ, “వచ్చే ఏటికి కింది మడిలో కూడా చల్లమ్మా. పెట్టెలు పెంచుతున్నా,” అంది. మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. నేను సరే అన్నాను. ఇంట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగి, మళ్ళీ బయటికి వచ్చాను.

కాయలు నల్లబడ్డ రోజు మధ్యాహ్నం మడిలో చిటపటలు మొదలయ్యాయి. ఎండకు కాయ పగిలి గింజ ఎగిరిపోతోంది. మా మరిది పుస్తకం తెచ్చి నా చేతే చదివించాడు. మంచు తడి మీద ఉండగానే కొయ్యాలి, ఎండ ఎక్కితే సగం నేలపాలు. అదే సాయంత్రం కూతురికి కబురు వచ్చింది, తర్వాతి ఊళ్ళో పూత విచ్చిందని. పెట్టెలు కట్టేసింది. ఎండ రాకముందే బయల్దేరాలి, లేకపోతే లోపల ఈగలు ఉడికిపోతాయి.

తెల్లవారుతుండగా ముగ్గురం పొలంలోనే ఉన్నాం. కూతురు తాళ్ళు బిగిస్తోంది. మేం కొడవళ్ళతో కోస్తున్నాం. కాయలు మంచుకు మెత్తగా, బరువుగా ఉన్నాయి. కోసిన కట్టను దులపకుండా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దుప్పటి మీద పెట్టాలి. తూర్పు తెల్లబడుతోంది.

“అమ్మా, బయల్దేరుతున్నా!”

నేను లేవబోయాను.

“లేవకు! కొయ్యి, కొయ్యి! ఎండొచ్చేస్తోంది!”

“నీళ్ళ సీసా పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నా!”

“వెనక తాడు?”

“నువ్వు చూసిందే కదమ్మా! ఆ పక్క వదిలేశావు, చూడు, అటు!”

నిజమే, ఒక గుత్తి వదిలేశాను. దాన్ని అందుకున్నాను.

“ఆ కొసకి పో వదినా, ఆ కొసకి! అటు ముందు ఎండ తగులుతుంది,” అని మా మరిది అరిచాడు.

పోయాను. వ్యాను గట్టు మీద ఊగుతూ వెళ్ళడం వినిపించింది. మలుపు దగ్గర రెండుసార్లు హారన్ మోగింది. నా రెండు చేతుల నిండా కాయలు. కొడవలి ఉన్న చెయ్యి కొంచెం పైకెత్తాను, చూసిందో లేదో తెలియదు. సూర్యుడి అంచు చెట్ల మీదికి వచ్చేసింది. ఎక్కడో నా వెనక మొదటి కాయ చిటుక్కుమంది.

“త్వరగా!” అన్నాను మా మరిదితో. కొయ్యాల్సింది ఇంకా సగం ఉంది.